కొల్లేటి గట్లు తెగిన ఏడాది

మనకు కొన్ని ఏళ్ళు బాగా గుర్తుంటాయి. పెళ్ళయిన ఏడాది. పెద్దపిల్ల పుట్టిన ఏడాది. గాలివానకు ఇంటికప్పు లేచిపోయిన ఏడాది. అంకె గుర్తు లేకపోయినా ఆ ఏడాది మాత్రం మరిచిపోం.

ఊళ్ళకు కూడా అలాంటి ఏళ్ళు ఉంటాయి. కొల్లేటి లంకల్లో అలాంటి ఏడాది 2006. ఆ వేసవిలో సర్కారు పొక్లెయిన్లు తెచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టింది. పొక్లెయిన్‌కు లొంగని గట్లను మందు పెట్టి పేల్చింది. కొందరు సంతోషించారు. కొందరు ఏడ్చారు. ఆ రెండూ చేసినవాళ్ళు కూడా ఉన్నారు.

గట్లు ఎందుకు కొట్టారు? అసలు అవి ఎందుకు వచ్చాయి? కొట్టాక ఎవరికి ఏం మిగిలింది? ఈ పాఠంలో ఆ సంగతి చెప్పుకుందాం. ఒక్క ఏడాది కథే. కాని దాని వేళ్ళు చాలా వెనక్కి ఉన్నాయి.

పళ్ళెం లాంటి సరస్సు

ఏలూరుకు దక్షిణంగా, కైకలూరుకు ఉత్తరంగా, ఆకివీడు వరకు పరుచుకున్న మంచినీటి సరస్సు కొల్లేరు. ఒకవైపు కృష్ణ, ఒకవైపు గోదావరి. రెండు నదులూ వేల ఏళ్ళ పాటు ఒండ్రు తెచ్చి పోశాయి. అటూ ఇటూ నేల మెరక అయింది. మధ్యలో పల్లం మిగిలింది. ఆ పల్లమే కొల్లేరు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. ఇవన్నీ కొల్లేట్లో కలుస్తాయి. బుడమేరు మైలవరం కొండల వైపు నుంచి వస్తుంది. తమ్మిలేరు ఏలూరు ఊరిని తాకుతూ వస్తుంది. తమ్మిలేరు పొంగితే ఏలూరు వాళ్ళకు నిద్ర ఉండదు. ఇంకోటి కూడా ఉంది. గోదావరి నీళ్ళు ఏలూరు కాలువలో తాడేపల్లిగూడెం, ఉంగుటూరు, భీమడోలు మీదుగా వస్తాయి కదా. ఆ కాలువ నీళ్ళతో వరి పండిస్తాం. పొలంలో మిగిలిన నీళ్ళు మురుగు కాలవల్లో పడతాయి. ఏలూరు వైపు పొలాల మురుగులో చాలా భాగం చివరికి కొల్లేరే చేరుతుంది.

ఇన్ని నీళ్ళు వస్తాయి. మరి పోయే దారి? ఒకటే ఒకటి. దాని పేరు ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వచ్చే గుమ్మాలు చాలా, పోయే గుమ్మం ఒకటి. పైగా సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ ఒక్క గుమ్మంలోంచి కూడా నీళ్ళు సరిగా దిగవు.

కొల్లేరు లోతైన సరస్సు కాదు. చాలా చోట్ల మనిషి నిలబడితే తల పైనే ఉంటుంది. బిందె, పళ్ళెం గుర్తు తెచ్చుకోండి. బిందెలో చెంబెడు నీళ్ళు ఎక్కువ పోస్తే మట్టం కొంచెం పైకి వస్తుంది, అంతే. అన్నం తినే పళ్ళెంలో అదే చెంబెడు పోయండి. అంచుల దాకా పరుచుకుని నేల మీద పడుతుంది. కొల్లేరు పళ్ళెం లాంటిది. అడుగు మట్టం పెరిగితే చాలు, వేల ఎకరాలు మునుగుతాయి.

అందుకే దీన్ని కాంటూరుతో కొలుస్తారు. కాంటూరు అంటే ఏమిటి? సముద్ర మట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తు అని గుర్తు పెట్టి గీసిన గీత. నీళ్ళు 5 అడుగుల మట్టానికి వస్తే ఎంతమేర నిలుస్తాయో అది ఐదో కాంటూరు. ఆ గీత లోపల సుమారు 308 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఎకరాల్లో అయితే 76 వేల పైమాటే. నీళ్ళు పదో కాంటూరు ఎక్కితే 901 చదరపు కిలోమీటర్లు. చూశారా, మట్టం పెరిగింది 5 అడుగులు. విస్తీర్ణం పెరిగింది దాదాపు మూడింతలు.

ఈ ఐదో కాంటూరు అనే మాట గుర్తు పెట్టుకోండి. 2006లో ఎవరి చెరువు ఉండాలో, ఎవరిది పోవాలో తేల్చింది ఆ మాటే.

గట్లు లేని రోజుల్లో

పూర్వం కొల్లేటి ఏడాది నీళ్ళతో పాటు నడిచేది. ఆషాఢం, శ్రావణంలో ఏరులు దిగేవి. భాద్రపదానికి సరస్సు నిండేది. లంక ఊళ్ళు ద్వీపాలయ్యేవి. పొరుగూరు పోవాలన్నా, పురుడు వస్తే మంత్రసానిని తేవాలన్నా దోనె ఎక్కాల్సిందే. తాటిబొదె తొలిచి చేసిన దోనెలు ఉండేవి. సంక్రాంతి దాటాక నీళ్ళు మెల్లగా తీసేవి. తీసిన చోట ఒక వరి పంట వేసేవాళ్ళు. అది చేతికి వస్తే వచ్చినట్టు, ముంపు వస్తే పోయినట్టు.

చేపలకు లోటు ఉండేది కాదు. కొరమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, మట్టగిడస దొరికేవి. వడ్డీ కులస్తులు వలలు వేసేవాళ్ళు, మావులు పెట్టేవాళ్ళు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. చేప లోపలికి పోతుంది, బయటికి రాలేదు. మగవాళ్ళు పట్టిన చేపను ఆడవాళ్ళు తట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మేవాళ్ళు. కొంత ఎండబెట్టేవాళ్ళు. నీళ్ళలో కిక్కిస పెరిగేది. అది ఇంటి కప్పుకు, దడికి పనికొచ్చేది. తాగడానికి కూడా కొల్లేటి నీళ్ళే ముంచుకునేవాళ్ళు.

ఇదంతా విని ఆ రోజులు బంగారు రోజులు అనుకోకండి. ముంపు వచ్చిన ఏడాది పస్తులే. లంకలకు రోడ్డు లేదు, బడి లేదు, ఆస్పత్రి లేదు. నొప్పులు వచ్చిన మనిషిని దోనెలో పడుకోబెట్టుకుని ఏలూరు దాకా పోయిన రాత్రులు ఎన్నో. కొల్లేటి కోటలో పెద్దింట్లమ్మకు ఫాల్గుణంలో జాతర చేస్తారు. ఆ తల్లికి అంతమంది మొక్కడానికి ఈ కష్టం కూడా ఒక కారణం అయి ఉంటుంది.

1964లో డెల్టా అంతా పెద్ద ముంపు వచ్చింది. మురుగు ఎందుకు దిగడం లేదో చూడమని సర్కారు మిత్రా కమిటీని వేసింది. కాలవలు వెడల్పు చేయాలని, ఉప్పుటేరు బాగు చేయాలని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నారు. కొన్ని పనులు జరిగాయి. చాలా పనులు కాగితం మీదే ఉండిపోయాయి.

చెరువులు ఎలా వచ్చాయి?

ముంపుకు పోయే వరి కంటే ముంపులోనే బతికే చేప మేలు కదా! ఈ ఆలోచన మంచిదే. 1970ల నడుమ జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించారు. మత్స్యకారులు, ఇతర పేదలు సహకార సంఘాలు పెట్టుకున్నారు. చెరువులు ఆ సంఘాలకు ఇచ్చారు. లంకల్లో కూడు పుట్టింది. రోడ్లు పడ్డాయి. పెంకుటిళ్ళు, డాబాలు లేచాయి. ఇది నిజం. దీన్ని కాదనకూడదు.

తర్వాత ఏమయింది? చేపకు ధర వచ్చింది. శీలావతి, బొచ్చె పెంచి, ఐసు వేసి, లారీల్లో కలకత్తా పంపితే డబ్బే డబ్బు. కైకలూరు, ఆకివీడు ఊళ్ళు ఆ వ్యాపారంతో పెరిగాయి. ఆ డబ్బు వాసన బయటి పెట్టుబడిదారులకు తగిలింది. 1980లలో, 1990లలో వాళ్ళు దిగారు. సంఘాల చెరువులను లీజుకు తీసుకున్నారు. ఖాళీగా ఉన్న సర్కారు నేలలో కొత్త గట్లు వేశారు. వరి పొలాలు కూడా చెరువులయ్యాయి.

లీజు అంటే ఏమిటో ఒక లెక్క వేసి చూద్దాం. ఇది లెక్క కోసం అనుకున్నదే సుమా, ఏ ఊరి లెక్కా కాదు. ఒక సంఘానికి 60 ఎకరాల చెరువు ఉంది. సభ్యులు 60 మంది. బయటి ఆసామి వచ్చి ఎకరానికి ఏడాదికి 10 వేలు ఇస్తానన్నాడు. అంటే మనిషికి 10 వేలు. చేతిలో పడుతుంది, కష్టం లేదు. సరే అన్నారు. ఆసామికి ఖర్చులు పోను ఎకరానికి 40 వేలు మిగిలింది అనుకోండి. 60 ఎకరాలకు ఎంత? 24 లక్షలు. లీజు కింద ఇచ్చింది 6 లక్షలు. మిగిలిన 18 లక్షలు ఎటు పోయాయి? కాగితం మీద చెరువు ఎవరిది? పంట ఎవరిది? లెక్క మీరే కట్టి చూడండి.

ఆ కాగితాల మీద చాలామంది వేలిముద్ర వేశారు. ఎన్నేళ్ళ లీజు అని రాసి ఉందో, గడువు ఎప్పుడు తీరుతుందో చదివి చెప్పేవాళ్ళు లేరు. పేరు భర్తది. ముద్ర భర్తది. ఇంట్లో ఆడదానికి ఆ కాగితం ఏ పెట్టెలో ఉందో కూడా తెలియదు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఇలాంటి కాగితాలు ఉన్నాయి కదూ?

ఇంకో లెక్క ఉంది. అది ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎకరం వరిచేను ఉంటే ఆకుమడి తియ్యాలి, నాటు వెయ్యాలి, కలుపు తియ్యాలి, కోత కొయ్యాలి. ఇందులో ఎక్కువ పని ఆడవాళ్ళదే. అదే ఎకరం చేపల చెరువు అయితే? తవుడు, చెక్క మేత వేసేవాడు ఒకడు. కాపలావాడు ఒకడు. పట్టుబడి రోజున వల లాగే ముఠా. అందరూ మగవాళ్ళే. చెరువు వచ్చిన చోట ఆడకూలీకి పని పోయింది. పని కోసం ఆటోలెక్కి దూరం ఊళ్ళ వరిచేలకు పోవాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో రొయ్యల షెడ్లలో తలలు తీసే పని దొరికింది. తెల్లారేదాకా చల్లటి నీళ్ళలో వేళ్ళు నానే పని అది.

మంచినీళ్ళ సంగతి మరీ ఘోరం. చెరువుల్లో కోళ్ళ పెంట వేశారు, యూరియా వేశారు, మందులు కొట్టారు. పట్టుబడి అయ్యాక ఆ నీళ్ళు సరస్సులోకే వదిలారు. పైనుంచి ఊళ్ళ మురుగు, పొలాల పురుగుమందులు, ఫ్యాక్టరీల నీళ్ళు కూడా వచ్చి కలిశాయి. గుర్రపుడెక్క దట్టంగా పట్టింది. ముంగిట్లో అంత సరస్సు ఉండి, తాగడానికి నీళ్ళు టిన్నుల్లో కొనుక్కునే గతి పట్టింది. ఆ టిన్ను మోసేది ఎవరో చెప్పక్కర్లేదు.

గీత గీసిన సర్కారు

1999 అక్టోబరులో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని నంబరు 120. ఐదో కాంటూరు లోపల ఉన్న కొల్లేరంతా అభయారణ్యం అని ప్రకటించింది. అభయారణ్యం అంటే చెట్లే ఉండాలని లేదు. పక్షులకు, జంతువులకు అభయం ఇచ్చిన చోటు అని అర్థం. కొల్లేటికి చలికాలంలో దూర దేశాల నుంచి కూడా పక్షులు వస్తాయి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇక్కడే గూళ్ళు కట్టుకుంటాయి. ఉత్తర్వు ప్రకారం ఆ గీత లోపల చేపల చెరువులు ఉండకూడదు. పాత పద్ధతిలో వల వేసి చేప పట్టుకోవచ్చు.

గీత గీయడం తేలిక. గీత లోపల మనుషులు ఉన్నారు. ఊళ్ళు ఉన్నాయి. సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి ఉంది. అంటే సొంత పట్టా భూమి. పేదలకు సర్కారే ఇచ్చిన డీ ఫారం పట్టాలు కూడా వేల ఎకరాలకు ఉన్నాయి. ఇవన్నీ ఏం చేస్తారో తేల్చకుండానే గీత పడింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

2001లో హైకోర్టు కూడా అభయారణ్యంలో చెరువులు ఉండకూడదన్నది. 2002లో కొల్లేరుకు ఇంకో గుర్తింపు వచ్చింది. ఇరాన్ దేశంలో రామ్‌సర్ అనే ఊరు ఉంది. 1971లో అక్కడ చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. చిత్తడి నేలలను కాపాడుకోవాలని ఆ ఒప్పందం. ఆ జాబితాలో కొల్లేరు పేరు చేరింది. లంకలో వల వేసుకునే మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

ఇన్ని ఉత్తర్వులు వచ్చినా గట్లు మాత్రం పెరుగుతూనే పోయాయి. 2005 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. విజయవాడలో కాలనీలు మునిగాయి. ఆ నీళ్ళు కొల్లేరు చేరాయి. కొల్లేట్లో పరుచుకోవడానికి చోటేది? గట్లు అడ్డం. ఉప్పుటేరుకు చేరే దారి కూడా ఇరుకు. నీళ్ళు వెనక్కి తన్ని ఊళ్ళ మీద, చేల మీద నిలిచాయి. పళ్ళెంలో ఇటుకలు పేర్చి, ఆపైన నీళ్ళు పోసినట్టయింది.

సుప్రీంకోర్టుకు సలహా ఇవ్వడానికి ఒక కమిటీ ఉంది. అది అడవుల వ్యవహారాలు చూస్తుంది. ఆ కమిటీ కొల్లేరు సంగతి పరిశీలించి చెరువులన్నీ తీసెయ్యాలన్నది. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సరే అన్నది.

ఆ వేసవి

అప్పుడు ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖర రెడ్డి గారు. కొల్లేరు అప్పట్లో పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు రెండింట్లో ఉండేది. 2006 ఫిబ్రవరిలోనే పని మొదలైంది. కోర్టు మాట వచ్చాక ఏప్రిల్ నుంచి జోరందుకుంది. పోలీసులు దిగారు. పొక్లెయిన్లు బారులు తీరాయి. పెద్ద గట్లకు మందు పెట్టారు. జూన్ నడిమికల్లా వందలాది చెరువులు, వేలాది ఎకరాలు మళ్ళీ సరస్సులో కలిశాయి. ఆ పనికి "ఆపరేషన్ కొల్లేరు" అని పేరు పెట్టారు. ఆపరేషన్ అనగానే మనకు ఆస్పత్రి గుర్తొస్తుంది. పేరు పెట్టినవాళ్ళకు కూడా అదే గుర్తొచ్చిందేమో!

చెరువులో చేప ఉంది. పట్టుకోవడానికి గడువు తక్కువ. అందరూ ఒక్కసారి పట్టేసరికి ధర పడిపోతుంది. ఆ సరుకు మీద అప్పు తెచ్చినవాళ్ళకు అప్పు మిగిలింది. ఎవరెవరికి ఎంత పోయింది? వందల ఎకరాలు ఆక్రమించిన ఆసామికి పోయింది. కాని అతనికి ఏలూరులో మేడ ఉంది, గీతకు అవతల ఇంకో చెరువు ఉంది. సంఘం సభ్యుడికి ఏటా వచ్చే లీజు డబ్బు పోయింది. అదే అతని బియ్యం, అదే పిల్లల ఫీజు. కాపలావాడికి, వల లాగే ముఠాకు కూలి పోయింది. జిరాయితీ రైతుది ఇంకో రకం బాధ. భూమి అతనిదే, పట్టా అతనిదే, కాని చెరువు ఉంచుకోకూడదు. పట్టా భూమిని అభయారణ్యంలో కలుపుకుంటే హక్కులు తేల్చి పరిహారం ఇవ్వాలని 1972 నాటి వన్యప్రాణి చట్టంలోనే ఉంది. ఆ పరిహారం మాట ఏళ్ళ తరబడి నలిగింది.

ఒకే గట్టు కింద ఇన్ని రకాల మనుషులు ఉన్నారు. గట్టు తెగితే అందరూ ఒకేలా మునగరు. సర్కారు గట్టును చూసింది. గట్టు మీద ఎవరు నిలబడ్డారో విడివిడిగా చూసినట్టు లేదు. కొట్టడం తప్పని నేను అనను. కొట్టకపోతే ఈపాటికి కొల్లేరు అన్న పేరు మాత్రమే మిగిలేది. కాని కొట్టే ముందు ఇంటింటికీ వెళ్ళి "రేపటి నుంచి నువ్వు ఏం తింటావు?" అని అడిగి ఉండాల్సింది. ఆ ప్రశ్నకు జవాబు రాసుకుని ఉండాల్సింది. వలలు, పడవలు, పనులు ఇస్తామన్న మాటలు వినిపించాయి. పొక్లెయిన్లు వచ్చినంత తొందరగా అవి రాలేదు.

వానలు పడ్డాయి. గట్లు లేని కొల్లేట్లో నీళ్ళు పరుచుకున్నాయి. ఎన్నో ఏళ్ళుగా సరస్సంటే గట్లే అనుకున్న పిల్లలు కనుచూపు మేర నీళ్ళు చూశారు. పక్షులు వచ్చాయి. వల వేసేవాడికి ఎవరి గట్టూ అడ్డం రాలేదు. కాని సరస్సులో చేప మునుపటంత లేదు. నీళ్ళు మురికి, గుర్రపుడెక్క మందం. లంకల నుంచి చాలామంది పని కోసం బయటి ఊళ్ళకు పోయారు. ఇంటికి తాళం వేసి పోయినవాళ్ళు కొందరు. ముసలివాళ్ళను, పిల్లలను వదిలి పోయినవాళ్ళు కొందరు. ఎండాకాలంలో ఇంకో బెడద. సరస్సు మట్టం తగ్గగానే ఉప్పుటేరు నుంచి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి. ఉప్పుటేరు మీద రెగ్యులేటరు కట్టాలని, తలుపులు వేసి ఉప్పునీళ్ళు ఆపాలని ఊళ్ళవాళ్ళు అడుగుతూ వచ్చారు.

చిలకాలో వేరే దారి

ఇక్కడ కొంచెం పక్కకు పోదాం. ఒడిశాలో చిలకా అనే పెద్ద సరస్సు ఉంది. మన శ్రీకాకుళం దాటి పోతే వస్తుంది. దానికీ ఇదే తరహా జబ్బు చేసింది. సముద్రంలోకి పోయే దారి పూడిపోయింది. చేప తగ్గింది. రొయ్యల కోసం గట్లు లేచాయి. 2000 సెప్టెంబరులో అక్కడ సముద్రానికి కొత్త దారి తవ్వారు. నీరు ఆడింది. చేప, రొయ్య, పీత మళ్ళీ పెరిగాయి. చేప పెరగడంతో జాలరి ఇంట్లో పొయ్యి వెలిగింది. చిలకాలో కూడా గొడవలు తీరిపోలేదు, రొయ్యల గట్ల తగాదా అక్కడా ఉంది. కాని అక్కడ ముందు దారి తెరిచారు. మన దగ్గర గట్లు కొట్టారు గాని ఉప్పుటేరు దారి ఇరుకుగానే ఉండిపోయింది.

మళ్ళీ గట్లు

2006 తర్వాత కొన్నేళ్ళకే గట్లు మళ్ళీ లేచాయి. ముందు రాత్రిపూట. తర్వాత పగలే. మొదట అడుగు ఎత్తు. తర్వాత పొక్లెయిన్‌తోనే. కొట్టిన యంత్రమే మళ్ళీ కట్టింది! లీజులు మళ్ళీ మొదలయ్యాయి. సరస్సులో పని దొరకక పోయినవాళ్ళు చెరువుల్లో పని దొరుకుతుందని వెనక్కి వచ్చారు. వాళ్ళను తప్పు పట్టడం కష్టం. ఇంకో బతుకు చూపించనిది ఎవరు?

2008లో శాసనసభ ఒక తీర్మానం చేసింది. అభయారణ్యం గీతను ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించమని కోరింది. మూడో కాంటూరు అంటే సుమారు 135 చదరపు కిలోమీటర్లే. సగానికి పైగా బయటికి వస్తుంది. అన్ని పార్టీల వాళ్ళూ ఇదే కోరారు. కేంద్రం అజీజ్ గారనే పక్షుల శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఒక కమిటీని వేసింది. ఆ కమిటీ తగ్గించవద్దన్నది. అప్పటి నుంచి ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఐదా, మూడా అనే మాట వస్తూనే ఉంది.

ఈ తగాదాలో ఇద్దరి మాట వినాలి. పట్టా ఉన్న చిన్న రైతు మూడో కాంటూరు అంటే, తన రెండెకరాలు గీత బయటికి వస్తాయని ఆశ. అతని ఆశలో న్యాయం ఉంది. కాని గీత వెనక్కి జరిగితే రెండెకరాల వాడితో పాటు రెండొందల ఎకరాల వాడూ బయటపడతాడు. అతని గట్టు ఇంకో అడుగు లేస్తుంది. నీళ్ళు మాత్రం గీతను చూసి ఆగవు. ఆ నీళ్ళు ఎవరి ఇంట్లోకి పోతాయి? పల్లంలో ఉన్న ఇంట్లోకే. పల్లంలో ఇల్లు ఎవరిదో మీకు తెలుసు.

పట్టా ఉన్నవాళ్ళకు న్యాయమైన పరిహారం ఇచ్చి, భూమి లేనివాళ్ళకు వల హక్కు ఖాయం చేసి, గీత అలాగే ఉంచితే మంచిదని నా అభిప్రాయం. అది ఖర్చుతో కూడిన పని. అందుకే ఎవరూ దాని జోలికి పోరు. గీత జరపడానికి ఖర్చు లేదు కదా!

ఇప్పుడు

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. ఏలూరు కొత్త జిల్లా అయింది. కైకలూరు, మండవల్లి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం, ఆకివీడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఉన్నాయి. చెట్లు చాలక అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతారు. వాటి మీద పక్షులు గూళ్ళు పెట్టుకుని పిల్లలను చేస్తాయి. చలికాలంలో పిల్లలను తీసుకుని వెళ్ళి చూడండి. పడవ ఎక్కి చూడొచ్చు.

మీ ఇంటి భూమి, మీ సంఘం చెరువు కొల్లేటి వైపు ఉంటే ఇంకో పని కూడా చేయండి. కాగితం బయటికి తీయండి. పట్టాదారు పాస్ పుస్తకమైతే సర్వే నంబరు ఉంటుంది. చదవండి. ఆ నంబరు ఐదో కాంటూరుకు లోపలా, బయటా? గ్రామ సచివాలయంలో అడగండి. లీజు కాగితమైతే ఎన్నేళ్ళకు, ఎంతకు, ఎవరి పేరున అని చూడండి. సంఘం సభ్యుల జాబితాలో మీ ఇంటి పేరు ఉందా? భర్త పోయినవాళ్ళ చోట భార్య పేరు ఎక్కించారా? చాలా చోట్ల ఎక్కించరు. అడిగినవాళ్ళకు ఎక్కిస్తారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్ళీ పొంగింది. విజయవాడలో లక్షల మంది నీళ్ళలో చిక్కుకున్నారు. టీవీలు, పేపర్లు అన్నీ అదే చూపించాయి. ఆ నీళ్ళు విజయవాడలో తీసిన కొద్దీ కొల్లేరు వైపు దిగాయి. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు మీద, చినఎడ్లగాడి దగ్గర నీళ్ళు పారాయి. రాకపోకలు ఆగాయి. లంకల్లో మళ్ళీ పడవలు తీశారు. గట్ల మధ్య సందుల్లోంచి నీళ్ళు ఉప్పుటేరు వైపు మెల్లగా, చాలా మెల్లగా నడిచాయి.